కంప్యూటరు చెప్పు ఇంటిలెక్క

గృహస్థుడైనవానికి తన యింట ఏ గది యెచ్చట నున్నదో, ఏ గాదెలో నెంత ధాన్యమున్నదో, ఏ పెట్టెకు తాళము వేసియున్నదో తెలిసియుండవలెను. ఇవి తెలియనివానిని అతిథి యందుమే గాని గృహస్థుడనము. నేడు మన బాలబాలికలు కంప్యూటరునందును, ట్యాబునందును, చేతిఫోనునందును అతిథులవలె సంచరించుచున్నారు. బొమ్మను తాకినంతనే తలుపు తెరచుకొనును. లోనికి బోయి కావలసినది చూచి వత్తురు. ఆ వస్తువు ఏ గదిలో నున్నదో, ఆ గది యింటిలోనిదో లేక బయటినుండి తెచ్చి తగిలించినదో, రేపు అది యుండునో యుండదో వారడుగరు. కంప్యూటరు మాత్రము ఈ లెక్కను చక్కగా నెరుగును. అడిగినవారికి దాపరికము లేక చెప్పును. అడుగు విధమును ఎనిమిదవ తరగతినుండియే బాలురకు నేర్పవలయునని నా యభిప్రాయము. ఈ వ్యాసమున దానికి హేతువులు చూపెదను.

ఇది పండితుల వాదమని తలిదండ్రులు త్రోసివేయరాదు. 2022 వ సంవత్సరము డిసెంబరు నెలలో ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబులు పంచిపెట్టిరి. పలక పట్టిన చేతులు ట్యాబు పట్టినవి. ఇక యింటిలోని చేతిఫోను సంగతి చెప్పనేల? పిల్లవాని మార్కుల పత్రము, తల్లి ఆధారు కార్డు, తండ్రి పొలము కాగితములు, గతించిన తాతగారి ఛాయాచిత్రము, ఇవన్నియు నేడు గోరంత మెమొరీకార్డులో నున్నవి. పూర్వము ఇనుప పెట్టెలో నుంచిన దానిని నేడు కార్డులో నుంచితిమి. పెట్టె సంగతి తెలిసికొన్నట్లే కార్డు సంగతియు తెలిసికొనవలదా?

మొదట విషయమును విశదపరతును. కంప్యూటరు యంత్రమును ఏలుచు, తక్కిన ప్రోగ్రాములకు పనులు పంచి పెట్టునది ఆపరేటింగ్ సిస్టము. దాని నడిబొడ్డున నుండు భాగమునకు కెర్నెల్ అని పేరు. డిస్కుమీద కేవలము అంకెలు వరుసగా నుండును; వానిని ఫైళ్లుగను, ఆ ఫైళ్లను అరలుగను ఏర్పరచి చూపు కట్టుబాటునకు ఫైల్ సిస్టము అని పేరు. ఇట్టి కట్టుబాట్లు పెక్కు గలవు. పెన్‌డ్రైవులలో సాధారణముగా ఫ్యాట్ జాతివి, విండోస్ యంత్రములలో ఎన్.టి.ఎఫ్.ఎస్., లినక్సు యంత్రములలో ఎక్కువగా ఎక్స్‌ట్4 కనబడును.

ఇక మౌంటు అన నేమి? మన తీరవాసులకు దీనిని చెప్పుట సులభము. బకింగ్‌హాము కాలువమీద పడవలు నడచిన దినములలో ఉప్పు, సరుగుడు కట్టెలు, ధాన్యము మద్రాసునకు పోవుచుండెను. కాలువ పొడవునను రేవు లుండెడివి. రేవు ఎల్లప్పుడు నుండును. పడవ వచ్చి కట్టిననాడు రేవులో అడుగుపెట్టినవాడు పడవలోనికి పోవును. పడవ పోయిననాడు ఆ రేవు వట్టి గట్టు. కంప్యూటరులో ఒక అర రేవు. డిస్కుగాని, పెన్‌డ్రైవుగాని పడవ. పడవను రేవునకు కట్టుటయే మౌంటు. విప్పుటయే అన్‌మౌంటు. ఈ రెండు మాటలు తెలిసిన బాలునకు తక్కిన దంతయు తేటపడును.

1969 లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అను వారలు యూనిక్సును ఆరంభించిరి. అందు ఒకే మూలము. ఎన్ని డిస్కులున్నను అన్నియు ఆ ఒక్క చెట్టుకొమ్మలకే కట్టబడును. విండోస్ పద్ధతి వేరు. అందు ఒక్కొక్క డిస్కునకు ఒక్కొక్క అక్షరము పేరు. ఎ, బి అను రెండక్షరములు పూర్వము మెత్తని ఫ్లాపీ డిస్కులకు కేటాయింపబడినవి. కావున లోపలి డిస్కునకు సి అను అక్షరము దక్కినది. ఫ్లాపీలు మన యిండ్లలో కనుమరుగైనను ఆ పేరు మిగిలియున్నది. చాకలిరేవు ఎండిపోయినను వీధికి ఆ పేరు నిలిచియున్నట్లు ఇదియు చరిత్రకు గురుతు.

ఇప్పుడు ప్రోగ్రాము సంగతి. ఛాయాచిత్రములను కార్డునకు ప్రతి తీయు ప్రోగ్రామున్నదనుకొందము. అది పని మొదలిడుటకు ముందు కెర్నెల్‌ను మూడు ప్రశ్నలు అడుగవలెను. ఏ పడవలు ఏ రేవులకు కట్టియున్నవి? నేను పోదలచిన పడవలో చోటెంత? అందు వ్రాయుటకు నాకు సెలవున్నదా, చదువుటకే యున్నదా? ఈ మూడింటికిని ఉత్తరము దొరకు మార్గములు ఒక్కొక్క ఆపరేటింగ్ సిస్టమునందు ఒక్కొక్క రీతి.

విండోస్‌లో ప్రోగ్రాము అడిగిన వెంటనే ఒక్క సంఖ్య యుత్తరముగా వచ్చును. ఆ సంఖ్యను రెండు అంకెల పద్ధతిలో వ్రాసిన, మొదటి స్థానము ఎ కును, రెండవది బి కిని, మూడవది సి కిని చెందును. ఉత్తరము 4 వచ్చినచో సి మాత్రమే కలదు. 12 వచ్చినచో 4, 8 కలిసినవి. అనగా సి, డి రెండును కలవు. విద్యార్థులారా, బైనరీ సంఖ్యలు పరీక్షకు మాత్రమే పనికివచ్చునను వారికి ఈ ఉదాహరణము చూపుడు.

యూనిక్సు వంశమునందు చోటు ఎంత యను ప్రశ్నకు స్టాట్‌వీఎఫ్‌ఎస్ అను పిలుపు ఉత్తరమిచ్చును. అది దిమ్మెల లెక్కలో చెప్పును. ఒక దిమ్మె 4096 బైట్లయి, ఖాళీ దిమ్మెలు 25,00,000 ఉన్నచో, రెంటిని గుణింపగా 1,024 కోట్ల బైట్లు. ఇందు ఒక వింత కలదు. ఖాళీ యెంత యను దానికి ఆ పిలుపు రెండు సంఖ్యలు చెప్పును: మొత్తము ఖాళీ ఒకటి, సామాన్యునకు లభించు ఖాళీ మరియొకటి. ఎక్స్‌ట్ జాతి ఫైల్ సిస్టములలో సాధారణముగా నూటికి 5 వంతులు యంత్రాధికారికై ప్రత్యేకింపబడియుండును. గాదె అడుగున విత్తనపు వడ్లు వేరుగా నుంచిన రైతు, తినుటకు ఎన్ని, మొత్తము ఎన్ని యను రెండు లెక్కలను చెప్పినట్లే యిదియు.

ఈ లెక్క తెలియకపోవుటవలన కలుగు తగవు ఒకటి చెప్పెదను. 64 జీబీ యని పెట్టెపై నచ్చొత్తిన కార్డు కొని కంప్యూటరునకు తగిలింపగా 59.6 మాత్రమే చూపును. కొట్టువాడు మోసగించెనని కొనినవారు కోపింతురు. మోసము లేదు. కార్డు చేసినవారు జీబీ యనిన నూరు కోట్ల బైట్లని లెక్కించిరి. విండోస్ మాత్రము 1024 ను మూడు మారులు గుణించిన సంఖ్యను, అనగా 107 కోట్లకు పైబడిన దానిని, ఒక జీబీ యని లెక్కించును. కుంచము మారినది గాని ధాన్యము తగ్గలేదు. కొలత తెలియనివాడు నిష్కారణముగా పరుని నిందించును. విద్యకు మొదటి ఫలము అట్టి నిందనుండి తప్పించుకొనుటయే గదా.

పడవలు, రేవుల పట్టిక సంగతికి వత్తము. నా వాదమునకు ఇది కీలకము. పూర్వపు యూనిక్సు యంత్రములలోను, తొలినాటి లినక్సులోను ఎమ్‌ట్యాబ్ అను పేర ఒక ఫైలుండెడిది. మౌంటు చేయు ఆజ్ఞయే, పని చేసిన పిమ్మట, ఆ పుస్తకమున ఒక పంక్తి వ్రాసెడిది. ప్రోగ్రాములు ఆ పుస్తకమును చదివి లెక్క తెలిసికొనెడివి. చూచుటకు బాగుగానే యున్నది. కాని పుస్తకము వ్రాయువాడొకడు, పడవ కట్టువాడొకడు. పడవ కట్టునది కెర్నెల్. పుస్తకము వ్రాయునది మరియొక ప్రోగ్రాము. వ్రాయుటకు ముందు కరెంటు పోయిన నేమగును? వేరు దారిని ఎవరైన కట్టినచో నేమగును? మూలపు డిస్కే చదువుటకు మాత్రము తెరువబడియున్నచో పుస్తకమున నెట్లు వ్రాయుదురు? పుస్తకమొకటి చెప్పును, రేవులో మరియొకటి యుండును.

మన గ్రామములలో కరణము లుండిన కాలము పెద్దలకు జ్ఞాపకముండును. 1984 లో ఆ పదవి రద్దయినది. అడంగలులో వరి యని యుండును, పొలములో వేరుసెనగ యుండును. కరణము దుర్మార్గుడు కానక్కరలేదు. ఆ యేడు పొలము చూడకుండ నిరుటి వ్రాతనే తిరిగి వ్రాసినను చాలును. లెక్క వ్రాయువాడు పని చేయువాడు వేరైనపుడు ఈ దోషము ఎప్పటికైనను తప్పదు.

లినక్సు కర్తలు దీనికి చేసిన చికిత్స మిక్కిలి చక్కనిది. వారు పుస్తకమును తీసివేసి పొలమునే చూపిరి. ప్రోక్ అను పేర ఒక అర కలదు. అందలి ఫైళ్లు ఏ డిస్కుమీదను లేవు. ఎవరైన తెరచి చదివినపుడు కెర్నెల్ అప్పటికప్పుడు ఉత్తరము వ్రాసి చేతికిచ్చును. నడుచుచున్న ప్రోగ్రాములను ఫైళ్లుగా చూపవచ్చునను ఈ భావమును 1984 లో టామ్ కిలియన్ యూనిక్సు విషయమున వ్రాసి ప్రకటించెను. లినక్సు దానిని మరి కొంత దూరము కొనిపోయెను. '/ప్రోక్/మౌంట్స్' అను ఫైలును చదివిన, ఆ క్షణమున ఏ పడవ ఏ రేవున నున్నదో వరుసగా కనబడును. నేటి లినక్సు యంత్రములలో ఎమ్‌ట్యాబ్ అను పాత పేరు దాదాపు అంతటను ఈ నిజమైన లెక్కకు దారి చూపు గురుతుగా మాత్రమే యున్నది. పాత పేరు నమ్ముకొన్న ప్రోగ్రాములు చెడలేదు. పాత దోషము తొలగినది.

ఆ పట్టికలో ఒక్కొక్క పంక్తికి ఆరు గళ్లు. మొదటిది పరికరము పేరు, రెండవది రేవు, మూడవది ఫైల్ సిస్టము జాతి, నాలుగవది షరతులు, తక్కిన రెండును సున్నలు. షరతుల గడిలో ఆర్‌డబ్ల్యూ అని యున్న వ్రాయవచ్చును. ఆర్‌ఓ అని యున్న చదువుట మాత్రమే. గళ్లను వేరుపరచునది ఖాళీ చోటు. మరి రేవు పేరులోనే ఖాళీ చోటున్నచో? అప్పుడు దానికి బదులుగా \040 అని వ్రాయుదురు. అది ఎనిమిదింటి లెక్క. 4 ఎనుములు 32. ఖాళీ చోటునకు కంప్యూటరు వర్ణమాలలో సంఖ్య 32. ఇంత చిన్న మర్మము తెలియక, పేరులో ఖాళీ యున్నచో తడబడు ప్రోగ్రాములు వ్రాసినవారు గలరు.

మన భాషకు సంబంధించిన మాట యొకటి. తెలుగు అక్షరములకు యూనికోడులో 128 స్థానములు గల పేట యొకటి యున్నది. అది 1991 నాటి మొదటి ప్రతినుండియు గలదు. నేడు వాడుకలోనున్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఆ స్థానము లొక్కొక్కటికి 3 బైట్లు. నెల్లూరు అను పేరులో గుణింతపు గురుతులతో కూడ 8 స్థానములు. అనగా 24 బైట్లు. ఎక్స్‌ట్4 లో ఫైలు పేరు 255 బైట్లు మించరాదు; కావున తెలుగు పేరు 85 స్థానములకు లోబడవలెను. పెన్‌డ్రైవులోని తెలుగు పేర్లు లినక్సులో కొన్ని వేళల ప్రశ్నార్థకములుగా కనబడును. పిల్లలు ఫైళ్లు చెడినవని యేడ్తురు. చెడలేదు. ఆ పడవను రేవునకు కట్టినపుడు ఏ వర్ణమాలతో చదువవలెనో చెప్పు షరతు తప్పుగా నిచ్చిరి. ఆ షరతు పైని చెప్పిన నాలుగవ గడిలో కనబడును. లెక్క చదువగలిగిన పిల్లవాడు కన్నీరు పెట్టడు. విప్పి మరల సరిగా కట్టును.

ఇంతవరకు లాభము చెప్పితిని. ఇక తెలియకపోవుటవలని నష్టమును చూడుడు. ఒక పాఠశాల కార్యాలయమున ప్రతి రాత్రియు హాజరుపట్టీలకును మార్కుల పట్టికలకును బయటి డిస్కున ప్రతి తీయు ప్రోగ్రామును అమర్చిరనుకొందము. ఒకనాడు తీగె వదులై డిస్కు తగులలేదు. పడవ లేదు, రేవు మాత్రమున్నది. ప్రోగ్రాము ఏమియు విచారింపక ఆ యరలోనే ప్రతులు పెట్టినది. అర యున్నది గనుక తప్పు పలుకలేదు. ప్రతులు బయటి డిస్కునకు బోవక లోపలి డిస్కుమీదనే పడినవి. ఏడాది పొడవున అందరును రెండు ప్రతులున్నవని ధైర్యముగా నుందురు. లోపలి డిస్కు చెడిననాడు మూలమును పోవును, ప్రతియు పోవును. తీగె సరిచేసి మరల మౌంటు చేసినచో మరియొక వింత: పడవ వచ్చి నిలిచినందున గట్టుమీది మూటలు దానిచాటున పడి కనబడవు. చోటు తగ్గును, కారణము తెలియదు. ఈ రేవున పడవ కలదా యని ప్రోగ్రాము ఒక్క ప్రశ్న యడిగియున్న ఈ యాపద రాదు.

రెండవ నష్టము తొందరపాటువలన కలుగును. వ్రాయుమనిన వెంటనే కంప్యూటరు డిస్కుమీద వ్రాయదు. కొంతసేపు తన జ్ఞాపకమున నుంచుకొని పిదప వ్రాయును. పని త్వరగా సాగుటకు ఇది యుపాయము. విప్పుమని చెప్పక పెన్‌డ్రైవును లాగివేసినచో ఆ మిగిలినది నీటిపాలే. ఆండ్రాయిడులో బయటి నిలువ స్థితిని ప్రోగ్రాములు అడిగి తెలిసికొనుటకు కొన్ని మాటలు ఏర్పరచియున్నారు. కట్టియున్నది, చదువుటకే కట్టియున్నది, విప్పబడినది, తీసివేయబడినది అను స్థితులకు ఒక్కొక్క పేరు గలదు. వానిలో బ్యాడ్ రిమూవల్ అనునది యొకటి. అనగా విప్పకముందే లాగివేసిరని యర్థము. యంత్రము మన తొందరపాటునకు ఒక పేరు పెట్టి లెక్కలో వ్రాసికొనుచుండగా, మనము దానిని చదువకుండుట వింత గాదా?

మూడవది. అనేక లినక్సు యంత్రములలో డిస్కున దోషము కనబడినంతనే వ్రాతను నిలిపి చదువుటకు మాత్రమే తెరచియుంచునట్లు ఏర్పాటుండును. ఇది సొమ్ము కాపాడుటకే. బాలుడు తన వ్యాసమును భద్రపరుపబోగా సాగదు. యంత్రము పాడైనదని వదలివేయును. నాలుగవ గడిలో ఆర్‌డబ్ల్యూ పోయి ఆర్‌ఓ వచ్చినదని చూచిన బాలుడు, దోషము డిస్కున నున్నదని గ్రహించి, ఉన్నదానిని వేరొక చోటికి ప్రతి తీసి దక్కించుకొనును. గాలివానలకును, కరెంటు కోతలకును నిలయమైన మన తీరమున ఇది పుస్తకజ్ఞానము గాదు. 1989 నవంబరులో కావలి యొద్ద తీరము దాటిన తుపానును ఎరిగిన పెద్దలకు, ఒక్క రాత్రిలో కాగితములన్నియు నెట్లు పోవునో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక ఆక్షేపణలకు సమాధానము. ఇంత లెక్క అందరికిని తెరచి చూపిన దుష్ట ప్రోగ్రాములకు మేలగును గదా యని కొందరందురు. ఈ మాటలో సత్యము కలదు. ఏ డిస్కు ఏ రేవున నున్నదో తెలిసిన దొంగకు దారి తెలిసినట్లే. అందుచేతనే 2002 లో లినక్సున మౌంటు నేమ్‌స్పేసు అను ఏర్పాటు వచ్చినది. దానివలన ఒక్కొక్క ప్రోగ్రామునకు, లేక ఒక్కొక్క ప్రోగ్రాముల గుంపునకు, వేరువేరు రేవుల పటము నీయవచ్చును. బెల్ ప్రయోగశాలవారి ప్లాన్ 9 అను సిస్టమునందు ఈ భావము అంతకుముందే యుండెను. 2015 లో వచ్చిన ఆండ్రాయిడు 6.0 ఈ యుపాయముననే, అనుమతి పొందిన ప్రోగ్రామునకు ఒక దృశ్యమును, పొందనిదానికి మరియొక దృశ్యమును చూపెను. '/ప్రోక్/మౌంట్స్' అను పేరు లినక్సులో నిజమునకు '/ప్రోక్/సెల్ఫ్/మౌంట్స్' అను దానికి గురుతు. సెల్ఫ్ అనగా అడిగినవాడు తానే; వానికి కనబడు ప్రపంచము మాత్రమే వానికి చెప్పబడును.

ఇది యబద్ధము గాదా యని తెలివిగల విద్యార్థి యడుగవచ్చును. కాదు. తెర వేయుట వేరు, తప్పు వ్రాయుట వేరు. నీ కిది చూపుట లేదని మరుగుపరచుట మర్యాద. లేనిదానిని ఉన్నదని వ్రాయుట అసత్యము. ఎమ్‌ట్యాబ్ పుస్తకము కొన్ని వేళల లేనిదానిని ఉన్నదని చెప్పెడిది. నేమ్‌స్పేసు ఉన్నదానిలో కొంత చూపును. చూపినంత నిజమే చూపును. లెక్క వ్రాయు ప్రతి కార్యాలయమును ఈ భేదమును గ్రహించిన మేలు.

రెండవ యాక్షేపణ: ఒక్క పట్టికను చదువుట కింత శాస్త్రమెందుకు? పట్టిక యెట్లున్న నేమి? దీనికి ఉత్తరము ఆ పట్టికయొక్క చరిత్రయే. ఆరు గళ్లు చాలవని 2008 లో మౌంట్‌ఇన్ఫో అను మరింత విపులమైన పట్టిక నిచ్చిరి. అందు ప్రతి కట్టునకు ఒక సంఖ్య, అది యే కట్టుపైన కట్టబడినదో ఆ తల్లి సంఖ్య, పడవకు చెందిన షరతులు వేరు, రేవునకు చెందిన షరతులు వేరు. ఒకే పడవను రెండు రేవులలో చూపి, ఒకచోట వ్రాయనిచ్చి మరియొకచోట చదువుట మాత్రమే యుంచవచ్చును గనుక ఈ భేదము కావలసివచ్చినది. తరువాత పెద్ద యంత్రములలో వేలకొలది కట్టులు పెరిగినవి. ఒక్క పంక్తి కొరకు పుస్తకమంతయు చదువుట భారమైనది. అందువలన 2024 లో విడుదలయిన లినక్సు 6.8 లో కట్టుల సంఖ్యల జాబితాను మాత్రమే యడుగుటకు లిస్ట్‌మౌంటు అనియు, ఒక్కదాని వివరమును మాత్రమే యడుగుటకు స్టాట్‌మౌంటు అనియు రెండు క్రొత్త పిలుపులు వచ్చినవి. అవసరమును బట్టి లెక్క వ్రాయు విధమెట్లు మారునో తెలిసికొనుట చరిత్రపాఠమే గదా.

పట్టిక చదువువారికి ఒక హెచ్చరిక. పేర్ల పట్టికను చదువుట వేరు, ప్రతి యింటి తలుపు తట్టుట వేరు. '/ప్రోక్/మౌంట్స్' ను చదువుటకు కెర్నెల్ ఏ డిస్కును కదపనక్కరలేదు. నీలో చోటెంత యని ఒక్కొక్కదానిని అడిగినపుడు మాత్రము ఆ ఫైల్ సిస్టము పలుకవలెను. అది దూరపు యంత్రమునుండి తీగెద్వారా వచ్చునదై, ఆ యంత్రము ఆగియున్నచో, అడిగిన ప్రోగ్రాము ఉత్తరమునకై అట్లే నిలిచిపోవచ్చును. ఒక్క పొరుగువాడు పలుకలేదని వీధి యంతయు నిలిచిపోవుట తగదు. కావున మొదట పట్టిక చదువుము. పిమ్మట కావలసినవారినే పలుకరింపుము.

మూడవ యాక్షేపణ భాష. ఇవన్నియు ఇంగ్లీషు మాటలు, పల్లె బాలురకు రావందురు. నేనిది యొప్పను. రేవు, పడవ, కట్టు, విప్పు, గాదె, విత్తనపు వడ్లు, ఇవి ఏ నిఘంటువునుండి తెచ్చితిమి? స్వేచ్ఛ యను పేర హైదరాబాదునందు కొందరు కలిసి గ్నూ/లినక్సునకు తెలుగు మాటలు కూర్చిరి. తెలుగులో కంప్యూటరు పలుకదను మాట అప్పుడే అసత్యమైనది. ప్రక్కనున్న కేరళమున ఐటీ@స్కూల్ అను కార్యక్రమము 2001 లో మొదలై, పాఠశాలలలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునే వాడుకలోనికి తెచ్చినది. అచ్చటి పిల్లలు చేయగలిగినది మన పిల్లలకు దుష్కరము గాదు. పిల్లవాడు మొదట తెలుగు మాటతో అర్థమును పట్టుకొనవలెను; ఇంగ్లీషు పేరు ఆ వెనుక తానే వచ్చును.

కావున నా సూచనలు మూడు. వీనికి ఖర్చు లేదు. మొదటిది: ఎనిమిదవ తరగతిలో ప్రతి విద్యార్థియు తన ట్యాబునందలి నిలువ పుటను తెరచి, మొత్తమెంత, ఖాళీ యెంత, కార్డు కట్టియున్నదా యని నెలకొకమారు నోటుపుస్తకమున వ్రాయవలెను. రెండవది: తొమ్మిదవ తరగతిలో లినక్సు యంత్రమున్నచోట డీఎఫ్, ఫైండ్‌మౌంట్ అను రెండు ఆజ్ఞలు నేర్పి, ప్రతి పంక్తికిని తెలుగున అర్థము చెప్పింపవలెను. ఫైండ్‌మౌంట్ కట్టులను వంశవృక్షమువలె చూపును గనుక పిల్లలకు నచ్చును. మూడవది: ఏ పని ముగిసినను పెన్‌డ్రైవును విప్పిన పిదపనే తీయుట అందరికిని అలవాటు కావలెను. దీపమార్పి తలుపు వేయుటవలె ఇదియు గృహధర్మమే.

తలిదండ్రులకొక విన్నపము. మీ పిల్లవాడు ఫోను పట్టుకొన్నపుడు ఎంతసేపు చూచితివని మాత్రమే యడుగకుడు. మన కాగితములు ఎచ్చట నున్నవి, వానికి రెండవ ప్రతి కలదా, ఆ ప్రతి నిజముగా వేరు డిస్కున నున్నదా యని యడుగుడు. ఉత్తరము చెప్పలేకున్న అతనిని కోపింపక, చూచి చెప్పుమని పంపుడు. శ్రీహరికోటనుండి ఎగురు రాకెట్టును మేడమీదినుండి చూచి మన తీరపు పిల్లలు చప్పట్లు చరతురు. అది మంచిదే. కాని తన చేతిలోని చిన్న యంత్రమును అడిగి తెలిసికొననేరని వానికి ఆకాశమున నెగురు పెద్ద యంత్రము ఎల్లప్పుడు వింతగానే మిగులును.

విద్యార్థులారా, లెక్కను వ్రాయువాడే పనిని చేయువాడైనపుడు లెక్క నిజమగునని యంత్రమును కట్టినవారు ఎన్నో యేండ్ల యనుభవముచే తెలిసికొనిరి. ఆ నిజమైన లెక్క మీ కొరకు తెరచియున్నది. దానికి రుసుము లేదు, సిఫారసు లేదు, ఎవరి ముందును చేతులు కట్టుకొని నిలువనక్కరలేదు. అడుగుట యొక్కటియే కావలెను. అడిగి, చదివి, సరిచూచుకొని పని చేయువాడే గృహస్థుడు. మీరు మీ యంత్రమునకు గృహస్థులు కండు.